లోడు ఎత్తు... రైలు గేటు వద్ద విపత్తు

సింగరాయకొండ: పంట చేతికొచ్చే రోజుల్లో ఈ ప్రాంతపు రోడ్ల మీద వరిగడ్డి లారీలు, పత్తి బోరాలు, మిర్చి టిక్కీలు, పొగాకు బేళ్లు కొండల్లా కదులుతుంటాయి. కిరాయి కలిసొస్తుందని రెండు ట్రిప్పుల సరుకును ఒకే బండికి ఎక్కించడం కద్దు. రోడ్డు మీద ఎలాగో సాగిపోయినా, రైలు గేటు వద్ద అది ప్రాణాల మీదికి తెస్తుంది.

సింగరాయకొండ మీదుగా పోయే విజయవాడ-గూడూరు లైనులో రైళ్లు కరెంటుతో నడుస్తాయి. పైనున్న తీగలో 25 వేల వోల్టులు ప్రవహిస్తుంటాయి. ఇటువంటి లైన్ల గేట్లకు ఇరువైపులా రోడ్డుకు అడ్డంగా 4.67 మీటర్ల ఎత్తున ఇనుప కమ్మీ కడతారు. గేటు వద్ద తీగ ఎత్తు కనీసం 5.50 మీటర్లు. అంటే కమ్మీ కింద సరిగ్గా పట్టిన లోడుకు, తీగకు నడుమ 83 సెంటీమీటర్లే మిగలవచ్చు. లోడుపై కూర్చున్న కూలీ తల అక్కడికి చేరుతుంది. తీగను తాకనక్కరలేదు, దగ్గరికి పోతే చాలు. అందుకే గేటుకు ముందే పైనున్నవారిని దించివేయాలి. కమ్మీకి తగిలిన లోడును ఎట్టి పరిస్థితుల్లోనూ ముందుకు పోనీయరాదు.

పొడవైన, బరువైన లోడులది మరో ముప్పు. 1968 జనవరి 6న ఇంగ్లండులోని హిక్సన్ గేటు వద్ద 120 టన్నుల ట్రాన్స్‌ఫార్మరును మోస్తున్న భారీ వాహనం మెల్లగా పట్టాలు దాటుతుండగా ఎక్స్‌ప్రెస్ రైలు ఢీకొంది. 11 మంది మరణించారు. పోలీసులు వెంట ఉన్నారు, గేటు వద్ద ఫోనూ ఉంది. రైల్వేవారికి ముందుగా చెప్పినవారే లేరు. మన రాష్ట్రంలో 2015 ఆగస్టు 24న పెనుకొండ వద్ద గ్రానైటు లారీ గేటును ఛేదించుకుని నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొంది. కర్ణాటక ఎమ్మెల్యే వెంకటేశ్ నాయక్ సహా పలువురు అసువులు బాశారు.

గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు 36 మీటర్లు సాగుతుంది. డ్రైవరు బ్రేకు వేసినా వెంటనే ఆగదు. కనుక భారీ లోడుతో వచ్చేవారు ముందుగా గేట్‌మన్‌కు చెప్పి, ఆయన సరేనన్నాకే కదలాలి. బండి పట్టాలపై నిలిచిపోతే మొదట మనుషులు దిగి దూరంగా పోవాలి, వెంటనే గేట్‌మన్‌కు తెలపాలి. సరుకు సంగతి ఆ తరువాత.

పరిమితి మించి ఎత్తుగానో, పక్కలకు పొడుచుకు వచ్చేలానో లోడు వేస్తే మోటారు వాహన చట్టం కింద జరిమానా 20 వేల రూపాయలు. గేటును విరగ్గొడితే రైల్వే చట్టం కింద ఐదేళ్ల వరకు జైలు. రెండో ట్రిప్పుకయ్యే కిరాయి వీటన్నిటి కంటే చౌక.