సముద్రం అడుగున ఒక బ్యాంకు

బ్యాంకు అనగానే మనకు డబ్బు దాచుకునే చోటు గుర్తుకు వస్తుంది. కాని నావికుల భాషలో బ్యాంకు అంటే సముద్రంలో మునిగి ఉన్న మిట్ట. అట్లాసు తెరిచి మహారాష్ట్ర తీరంలో విజయదుర్గ్ ఎక్కడుందో చూడండి. అక్కడికి పడమరగా సుమారు 105 కిలోమీటర్ల దూరాన, అరేబియా సముద్రంలో ఆంగ్రియా బ్యాంకు ఉంది. మరాఠా నౌకాదళాధిపతి కన్హోజీ ఆంగ్రే పేరు మీద దానికా పేరు వచ్చింది. దాని పైభాగం నీటిమట్టానికి 20 మీటర్లకు పైగా లోతున ఉంటుంది. దానిమీద పగడాలు పెరుగుతున్నాయి.

అంత లోతున పగడాలు ఎలా బతుకుతాయి? పగడపు జీవి శరీరంలో కంటికి కనిపించని శైవలాలు కాపురముంటాయి. అవి సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి, కొంత పగడానికి ఇస్తాయి. తీరం దగ్గర నదులు తెచ్చే ఒండ్రు వెలుతురును అడ్డుకుంటుంది. నడిసముద్రంలో నీరు తేట కనుక వెలుతురు లోతుకు దిగుతుంది. పగడాల సందుల్లో చేపలు తలదాచుకుంటాయి. చేపలున్న చోటికి పడవలూ వస్తాయి.

మరి ఈ చోటును రక్షిత ప్రాంతం చేయాలా? ఊరికే అనుకుంటే చాలదు, కొలిచి చూడాలి. 2019లో శాస్త్రజ్ఞుల బృందం అక్కడికి వెళ్లి పరిశీలించింది.

ఇలాంటి పరిశీలనలో మొదటి పని లోతు కొలవడం. ఓడనుంచి ధ్వనిని కిందికి పంపుతారు. నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. ప్రతిధ్వని 0.04 సెకన్లలో తిరిగి వస్తే లోతెంత? పోను, రాను 60 మీటర్లు. అంటే లోతు 30 మీటర్లు. తర్వాత ఈతగాళ్లు దిగి, అడుగున టేపు పరిచి, దాని వెంట పగడమెంత, ఇసుక ఎంత, ఏ చేపలు ఎన్ని అని లెక్క రాస్తారు.

ఇంతటితో అయిపోదు. ఎవరు, ఏ కాలంలో, ఏ వలతో పడుతున్నారో జాలరులనే అడగాలి. గాలంతో పట్టేవారి వల్ల పగడానికి హాని తక్కువ. అడుగును ఈడ్చుకుపోయే ట్రాలు వల ఏళ్ల తరబడి పెరిగిన పగడాన్ని గంటలో విరిచేస్తుంది. ఈ తేడా తెలియకుండా అందరినీ ఆపేస్తే జాలరి ఇంట పొయ్యి వెలగదు. ఎవరినీ ఆపకపోతే కొన్నాళ్లకు చేపే దొరకదు.

ఇంకో చిక్కుంది. మన ప్రాదేశిక జలాలు తీరంనుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లే. ఆంగ్రియా ఆ హద్దుకు ఆవల, 200 మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలంలో ఉంది. అక్కడి పర్యావరణ రక్షణకు 1976 నాటి చట్టం కింద కేంద్ర ప్రభుత్వమే చర్య తీసుకోగలదు.

బ్యాంకులో వడ్డీ వాడుకుంటే అసలు నిలుస్తుంది. అసలునే తినేస్తే? సముద్రపు బ్యాంకుకూ లెక్క అదే. అసలెంతో, వడ్డీ ఎంతో ముందుగా తేల్చడమే ఈ పరిశీలన.