వెనుక అద్దము పగిలినపుడు

కోనసీమ గృహిణికి కొబ్బరిచెట్టు కన్నబిడ్డతో సమానము. వంటకు, వ్రతమునకు, పెండ్లికి, పేరంటమునకు అది లేనిదే పని జరుగదు. అయినను 50 అడుగుల చెట్టునుండి తొడిమ వీడిన ముదురుకాయ నేలకు చేరునప్పటికి దాని వేగము గంటకు సుమారు 60 కిలోమీటర్లుండును. ఆ కాయ వచ్చు దారిలో మన కారు నిలిచియున్నచో, నీడకై వెదకిన చోటనే నష్టము కలుగును. అమలాపురము పరిసరములలో పెరటిచెట్ల నడుమ ఇండ్లు కట్టుకొన్న మనకిది వింత కాదు. కాయయే కానక్కఱలేదు. ఎండిన మట్ట, లారీ చక్రము క్రిందినుండి యెగిరిన ఱాయి, పిల్లల బంతి, వెనుకకు నడపునపుడు తగిలిన స్తంభము, ఏదైనను చాలును.

ఎస్‌.యు.వి. యని పిలుచు పెద్దకార్లు ఇప్పుడు మన వీధులలో విరివిగా కనబడుచున్నవి. వాని వెనుక అద్దము విశాలమైనది. ఎక్కువగా డిక్కీ తలుపునందే అమర్చబడి యుండును. అది పగిలినపుడు, “వెనుకటి అద్దమే గదా, తీరికగా చూతము” అని ప్లాస్టిక్కు పట్టా కట్టి దినములు గడపువారు పెక్కుమంది. సోదరీమణులారా! ఆ అద్దమునకు దగ్గఱగా కూర్చుండు వారెవరో తలంచుడు. పసిబిడ్డలు, వృద్ధులైన అత్తమామలు, వారిని కనిపెట్టుకొని మనము. కావున దాని సంగతి మగవారికి విడిచి యూరకుండుట మనకు తగదు.

మయసభలో స్ఫటికమును చూచి నీరని, నీటిని చూచి స్ఫటికమని సుయోధనుడు భ్రమపడిన కథ మనమందఱ మెఱిగినదే. కారు అద్దముల విషయమునను అట్టి భ్రమయే కలదు. చూపున కన్నియు నొక్కటియే; గుణమున వేఱు.

రెండు జాతుల అద్దములు

కారు ముందు అద్దము రెండు పలకల నడుమ పలుచని ప్లాస్టిక్కు పొర నుంచి అతికించినది. 1903లో ఎడ్వర్డు బెనెడిక్టసు అను ఫ్రెంచి రసాయనజ్ఞుని చేతినుండి యొక గాజుబుడ్డి జాఱిపడెను. అది బీటలువాఱెనే గాని ముక్కలు చెదరలేదు. లోపల పూర్వమెన్నడో ఆఱిపోయిన సెల్యులోజు నైట్రేటు పొర ఆ ముక్కలను పట్టియుంచెను. ఆ యాలోచననుండి పుట్టినదే ముందు అద్దము. దానికి చిన్నదెబ్బ తగిలినచో జిగురు నింపి బాగుచేయవచ్చును.

వెనుక అద్దము సాధారణముగా ఒంటి పలకయే. దీనిని టెంపర్డు గాజందురు. పల్లెలో ఎడ్లబండి చక్రమునకు ఇనుపపట్టా తొడుగుట పెద్దలు చూచియుందురు. పట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి నీరు పోయుదురు. చల్లాఱిన పట్టా కుంచించుకొని చక్రపు కొయ్యనంతయు బిగించి పట్టును. ఈ గాజు తయారీయు నించుమించుగ నట్టిదే. గాజు పలకను 600 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి కాల్చి, రెండువైపులనుండి చల్లగాలిని ఉద్ధృతముగా వీతురు. పైపొర ముందుగా గట్టిపడును. లోపలి భాగము తరువాత చల్లాఱుచు కుంచించుకొని పైపొరను తనవైపు లాగికొనును. ఆ బిగువువలన ఈ గాజు సాధారణపు గాజుకంటె సుమారు 4 రెట్లు బలము కలిగియుండును. కాని యా బిగువు ఒక్కచోట తెగెనా, లోపల దాగిన శక్తి యంతయు నొక్కసారిగా వెలువడి, అద్దమంతయు పటికబెల్లపు పలుకులవలె రాలిపోవును. కత్తులవంటి ముక్కలు కాకుండుటయే దీని పరమప్రయోజనము.

దీనినుండి గృహిణి గ్రహింపవలసినవి రెండు. మొదటిది, వెనుక అద్దమును అతికి బాగుచేయుట పొసగదు, మార్చుటయే గతి. రెండవది, టెంపరు చేసిన గాజును తరువాత కోయుటకుగాని, రంధ్రము వేయుటకుగాని వీలులేదు. కిటికీలకు గాజు కోయు దుకాణమున కొలత యిచ్చి చౌకలో చేయించుకొందమను వారు తెచ్చుకొనునది మామూలు గాజు. అది పగిలినపుడు పిల్లల మెడపై పడునవి పలుకులు కావు, కత్తులు. మన బండి నమూనాకును, తయారైన సంవత్సరమునకును సరిపోవు అద్దమునే తెప్పింపవలెను. దాని మూలలో తయారీదారుని పేరును, ఐ.ఎస్.ఐ. ముద్రయు ఉన్నవో లేవో మనమే చూచుకొనవలెను.

పగిలిన గడియలో

ముందుగా పిల్లలను దూరముగా నిలుపుడు. భీమా కోరదలచినచో ఏదియు కదల్పకమునుపే నాలుగువైపులనుండి ఫోటోలు తీయుడు. ఎవరైనను కావలెనని పగులగొట్టినచో పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాసియిచ్చి నకలు దగ్గఱ నుంచుకొనుడు.

శుభ్రపఱచునపుడు మందపు చెప్పులు, చేతితొడుగులు తప్పనిసరి. పెద్ద పలుకులు ఎత్తివేసిన తరువాత సీటు సందులలోను, బెల్టు దూరు చోటను, స్టెప్నీ టైరుంచు గుంటలోను దాగినవానిని వాక్యూముతో లాగవలెను. అది లేని యింట మెత్తగా కలిపిన గోధుమపిండి ముద్ద నద్దినచో నూగువంటి పలుకులుకూడ అంటుకొని వచ్చును. ఆ ముద్దను గొడ్లకో కుక్కలకో అందునట్లు పాఱవేయరాదు. గాజును మందపు కాగితములో చుట్టి, పారిశుధ్యపు పనివారికి “ఇది గాజు” అని చెప్పి యీయవలెను. కాలువగట్టుననో తోటలోనో పోసినచో వట్టికాళ్ల కూలివారికి గాయమగును.

ప్లాస్టిక్కు పట్టా నిలిపిన బండిలో వాననీరు పడకుండుటకు మాత్రమే పనికివచ్చును. దానితో దూరప్రయాణము చేయరాదు. పెట్టెవంటి పెద్దకారు పరుగెత్తునపుడు దాని వెనుక గాలి సుడి తిరుగును. ఆ సుడిలో సైలెన్సరునుండి వచ్చు పొగ కలిసి, తెఱచిన వెనుకభాగమునుండి లోనికి ప్రవేశించును. ఆ పొగలోని కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారము, నిద్రమత్తు కలిగి, మితిమీఱినచో ప్రాణాపాయము సంభవించును. బిడ్డ నిద్రించుచున్నదని మనము తలచునపుడు అది నిద్ర కాకపోవచ్చును. షెడ్డువఱకు నడపక తప్పనిచో ముందు కిటికీలు దింపి, వెనుక నెవరిని కూర్చుండబెట్టక, దగ్గఱి దారిని పోవలెను. పనివానినే యింటికి పిలిపించుట అంతకంటె మేలు.

భీమా లెక్క

మోటారు వాహనములకు చట్టరీత్యా తప్పనిసరియైన థర్డుపార్టీ భీమా మన అద్దమునకు వర్తింపదు. మన బండి నష్టమునకుగూడ చేయించిన భీమా యుండవలెను. అట్టి భీమాలో గాజు భాగములకు పాతదనపు తరుగు లేదు. రబ్బరు, ప్లాస్టిక్కు భాగములకు సగము కోతపడును. 1500 సి.సి. లోపలి బండ్లకు మొదటి 1,000 రూపాయలు మనమే భరింపవలెను.

అయినను తొందరపడి క్లెయిము చేయరాదు. క్లెయిము లేని యేండ్లకు ప్రీమియములో 20, 25, 35, 45, 50 శాతములుగా తగ్గింపు పెరుగుచు వచ్చును. ఒక్క క్లెయిముతో అది సున్న యగును. మన బండి నష్టపు ప్రీమియము 10,000 రూపాయలనియు, వచ్చు సంవత్సరము మనకు 45 శాతము రావలసియున్నదనియు అనుకొందము. క్లెయిము చేసినచో పోవు తగ్గింపు 4,500, మనము భరించునది 1,000, మొత్తము 5,500. అద్దపు ఖర్చు అంతకు లోపైనచో క్లెయిము వలన లాభము లేదు. తగ్గింపును కాపాడు ప్రత్యేకపు షరతు మన పత్రములో ఉన్నచో లెక్క మాఱును. ఇంటి పద్దు వ్రాయు చేతికి ఈ లెక్క యెంతసేపు?

అతికించు పని

కొన్ని పాత బండ్లలో అద్దము రబ్బరు బీడింగులో బిగింపబడి యుండును. ఇప్పటివానిలో పెక్కింట పాలియురెథేను గమ్ముతో తలుపునకే అతికింపబడును. మంచి పనివాడు పాత గమ్మును పూర్తిగా గీకివేయక పలుచని పొర మిగిల్చి, దానిపై క్రొత్తది వేయును. రేకు తుప్పు పట్టినచోట తుప్పు తీసి ప్రైమరు పూయును. సముద్రపుగాలి తగులు మన సీమలో ఈ తుప్పు సంగతి మఱవరాదు. తుప్పుపై పూసిన గమ్ము నిలువదు.

ఈ గమ్ము గాలిలోని తేమను పీల్చుకొని గట్టిపడును. గోదావరి సీమ గాలిలో తేమకు కొదువలేదు గనుక అది మేలే. కాని అతికించు చోట నీటిచుక్క యుండరాదు. వాన పడుచుండగా బయట పని చేయింపరాదు.

మొన్నటి శ్రావణమాసమున మా బండి అద్దము కొబ్బరిమట్ట దెబ్బకు పోయినది. జిల్లా కేంద్రమైనను అన్ని నమూనాల అద్దములు అమలాపురమున సిద్ధముగా నుండవు. మాది విజయవాడనుండి వచ్చుటకు ఐదు దినములు పట్టెను. మఱునాటి తెల్లవాఱుజామున మా అత్తగారిని కంటిపరీక్షకై కాకినాడ తీసికొనిపోవలసియుండెను. మా వారు బడినుండి వచ్చి రాత్రికే బండి కావలెనని తొందరపెట్టిరి. పనివాడు చేతులు తుడుచుకొనుచు నాతో, “అమ్మగారండీ, గమ్ము పట్టకుండా బండి కదిలితే నా పనీ, మీ డబ్బూ రెండూ పోతాయండి. రేపు మధ్యాహ్నందాకా ఆగండి” అనెను. మా అత్తగారు వినుచుండిరి. “కన్ను ఒక్కరోజులో ఎక్కడికీ పోదులే” అని ఆమెయే తీర్పు చెప్పినది. పరీక్ష ఒకదినము వాయిదా పడెను. ఎదుర్లంక వంతెన దాటునపుడు వెనుక సీటులో ఆమె నిశ్చింతగా కూర్చుండి గోదావరికి నమస్కరించుట చూచి, ఆ జాప్యము సార్థకమైనదనుకొంటిని.

గమ్ము ఎన్ని గంటలకు పట్టునో డబ్బాపై వ్రాసియుండును. పనివానిని అడిగి తెలిసికొనుడు. అంతవఱకు బండి కదల్పరాదు. తలుపులు విసరి వేయరాదు. లోపలి గాలి యొత్తిడికి పచ్చిగమ్ము కదలును. ఒక ముందు కిటికీని అంగుళము దింపియుంచుట మేలు. ఒకటి రెండు దినములు బలమైన నీటిధారతో కడుగరాదు. పిదప చెంబుతో మెల్లగా నీరు పోసి లోపల చెమ్మ దిగుచున్నదేమో తడిమి చూడవలెను.

డబ్బు చెల్లించుటకుముందు వైపరు, బ్రేకు దీపము, వెనుక కెమెరా పనిచేయుచున్నవో లేవో చూడుడు. అద్దముపై సన్నని గీతలున్నచో అవి మంచుతెరను పోగొట్టు డీఫాగరు తీగెలు. ధనుర్మాసపు ఉదయములందు వాని యుపయోగము తెలియును. మీట నొక్కి కొన్ని నిమిషములకు లోపలివైపు వెచ్చపడినదో లేదో చూడుడు. వానిని బ్లేడుతో గీకరాదు. మెత్తని గుడ్డతో గీతలవెంబడి తుడువవలెను.

కాలువగట్ల మీద ప్రయాణించు మనకు

క్రొత్త అద్దమునకు నల్లఫిల్ము అంటింతుమని కొందఱు చెప్పుదురు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు ముందు, వెనుక అద్దములనుండి కనీసము 70 శాతము వెలుతురు రావలెనని విధించినవి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు నల్లఫిల్ములను నిషేధించినది. చట్టమట్లుండగా మనకు మఱియొక కారణముకూడ కలదు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టవలన మన సీమ కాలువలతో నిండినది. మన రోడ్లలో పెక్కులు ఆ గట్లమీదనే సాగును. బండి కాలువలో పడినచో నీటి యొత్తిడికి తలుపులు తెఱచుకొనవు. అపుడు మొనతేలిన ఉక్కు సుత్తితో పక్క అద్దమునో వెనుక అద్దమునో మూలయందు కొట్టినచో రాలి దారి యిచ్చును. పైన మందపు ఫిల్ము అంటించినచో పలుకులు రాలక అడ్డుపడును. అతికిన పొరల గాజు ఇట్లు రాలదు. క్రొత్త బండ్లు కొన్నిటికి పక్క అద్దములుకూడ పొరలవే యుండవచ్చును గనుక మూలలోని గుర్తులు ముందే చదివియుంచుకొనవలెను. అట్టి సుత్తి ఒకటి చేతికందుచోట నుండవలెను.

ఈ సాయంకాలము తీరిక చేసికొని మీ బండి నిలుపుచోటికి పొండు. పైన ఏయే గెలలు ముదిరియున్నవో, ఏ మట్టలు వ్రేలాడుచున్నవో చూడుడు. దింపువానికి కబురంపి, వాడు చెట్టెక్కు రోజున బండిని దూరముగా నుంచుడు. తుఫాను హెచ్చరిక వచ్చినపుడు దానిని చెట్లు లేని బయలునకు చేర్చుడు. 1996 నవంబరు 6నాటి గాలికి మన తోటలు కూలిన తీరు పెద్దలింకను మఱువలేదు. ఆపైన పిల్లలను పిలిచి అద్దముల మూలలనున్న గుర్తులు చూపి, ఏది యే జాతిదో వారిచేతనే చెప్పింపుడు.