గడ్డి మిషన్ బ్లేడు ఎటు తిరుగుతుంది?

మంజీర మీద 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట నీళ్లు పారినంత మేరా మెదక్ పొలాల గట్ల మీద గడ్డికి కొదవ లేదు. ఒకప్పుడు వంగి కొడవలితో కోసేవాళ్లు, ఇప్పుడు బ్రష్ కట్టర్ భుజానికి తగిలించుకుంటున్నారు. కానీ ఇది రాతి నేల. మెదక్ కోటను మోస్తున్న గ్రానైట్ లాంటి రాళ్లే గట్ల గడ్డిలోనూ దాగి ఉంటాయి. రాయికి బ్లేడు తగిలితే ఏమవుతుందో చెప్పకుండా ఈ మిషన్‌ను ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

పది అంగుళాల బ్లేడు నిమిషానికి 7,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 330 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. పైనుంచి చూస్తే చాలా మిషన్లలో బ్లేడు అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందుకే కుడి నుంచి ఎడమకు ఊపుతూ, బ్లేడు ఎడమ భాగంతో కోయాలి. ముందు కుడి భాగం, గడియారంలో 12 నుంచి 3 దాకా ఉండే మేర, రాయికో మొద్దుకో తగిలిందా, పళ్లు దాన్ని కోయలేవు. ఆ బలమంతా గొట్టం మీదికి మళ్లి, మిషన్ ఒక్కసారిగా కుడికి గానీ మనిషి వైపు గానీ విసురుగా వస్తుంది. భుజం పట్టీ సరిగ్గా బిగించి, రెండు చేతులతో పట్టుకోమనేది ఇందుకే.

రాళ్ల పక్కన బ్లేడుకు బదులు నైలాన్ తీగ వాడటం మేలు. తీగతో గడ్డి కోసే ఈ పద్ధతి 1971లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పుట్టింది. కార్లు కడిగే చోట గిర్రున తిరిగే బ్రష్‌లను చూసిన జార్జ్ బల్లాస్, పాప్‌కార్న్ డబ్బాకు చిల్లులు పొడిచి చేపల గాలం తీగ దూర్చి తిప్పాడు. బెరడు చెడకుండా చెట్టు మొదట్లో గడ్డి తీయడమే ఆయన అవసరం. తీగ రాయికి తగిలితే అరిగిపోతుందే తప్ప మిషన్‌ను వెనక్కి తన్నదు. అయితే తీగ కూడా గులకరాళ్లను చిమ్ముతుంది. కళ్లద్దాలు, బూట్లు తప్పనిసరి. 15 మీటర్ల లోపు పిల్లలే కాదు, పశువులు కూడా ఉండకూడదు.

తీగ అరుగుతోందని ఇనుప తీగో గొలుసో కట్టడం ప్రాణాంతకం. తెగిన ముక్క తూటాలా దూసుకుపోతుంది. ఇలా లోహపు ముక్కలను కలిపి చేసిన కోత సామాను అమ్మకాన్ని యూరోపియన్ కమిషన్ 2012లో నిషేధించింది.

బ్లేడు నట్టుది రివర్స్ త్రెడ్. విప్పేముందు ఇంజన్ ఆపి, ప్లగ్ క్యాప్ తీసేయాలి. యాక్సిలరేటర్ వదిలేశాక కూడా బ్లేడు ఆగకుండా తిరుగుతుంటే క్లచ్, ఐడిల్ వేగం మెకానిక్‌కు చూపించాకే పనిలోకి దిగాలి. వంగిన బ్లేడును సుత్తితో సరిచేయడం, పగులును వెల్డింగ్‌తో అతికించడం వద్దే వద్దు. ఆ వేడికి ఉక్కు పదును పోయి పెళుసెక్కుతుంది, మళ్లీ తిరిగినప్పుడు ముక్కలు కావచ్చు. అలాంటి బ్లేడును పారేసి కొత్తది బిగించుకోవడమే సరైన పని.