నేలక్రింది కాలువ

కాలువ యనగానే మన కన్నులకు గట్లును, తూములును, పారుచున్న నీరును తోచును. కంటికి కానరాక నేలక్రిందనే ప్రవహించు కాలువ యొకటి మా న్యాల్‌కల్‌కు చేరువనే యున్నదని మే మిన్నాళ్లు ఎరుగము. మొన్నటి సెలవులలో మా యత్తగారిని, పిల్లలను వెంటబెట్టుకొని బీదరునకు పోయి దానిని చూచి వచ్చితిమి.

బీదరు నేడు కర్ణాటక రాష్ట్రములోనిది. మా యూరు తెలంగాణములోని సంగారెడ్డి జిల్లాలోనిది. అయినను 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల యెల్లలు మారువరకు న్యాల్‌కల్ సర్కిలు బీదరు తాలూకాలోనే యుండెను. కావున మా పెద్దలకు బీదరు పరాయి యూరు కాదు.

ఉదయముననే కోట చేరితిమి. బహమనీ సుల్తాను అహమ్మద్ షా 15వ శతాబ్దపు పూర్వార్ధమున గుల్బర్గానుండి తన రాజధాని నిచ్చటికి మార్చెను. కోటలోని పురావస్తు ప్రదర్శనశాల చిన్నది. పాత శిల్పములు, కత్తులు, తుపాకులు అందు గలవు. పిల్లలు ఆయుధములను విడిచి రామనిరి. మా యత్తగారు మాత్రము ఆ కట్టడము పూర్వము రాజుల స్నానగృహమని తెలియగానే గోడలవైపు చూచుచు, "ఇంత యెత్తైన నేలమీద స్నానములకు, తోటలకు నీళ్లెక్కడివే అమ్మా?" యని యడిగిరి. జీవితమున సగము భాగము నీళ్లు మోసిన వారికి గాని యిట్టి ప్రశ్న పుట్టదు.

దానికి సమాధానము వెదకుచు మధ్యాహ్నము నౌబాదునకు పోయితిమి. అచ్చటిదే కారేజు, సురంగ బావి యనియు నందురు. పొలములలో నొక బావి, కొంత దూరమున మరియొక బావి, ఆ పిమ్మట ఇంకొకటి, ఇట్లు ఒకే వరుసను ఇరువదికి పైగా బావులు గలవు. పైనుండి చూచిన అవి వేరువేరు బావులే. క్రింద మాత్రము అన్నింటిని కలుపుచు రాతిని తొలిచిన సొరంగ మొకటి రెండు కిలోమీటర్లకు పైగా సాగుచున్నది. ఆ బావుల వరుసనే త్రోవగా చేసికొని మేమును నడచితిమి. పిల్లలను మాత్రము అంచులకు పోనీయక చేయి పట్టుకొనవలెను.

దీని మర్మ మిది. బీదరు పీఠభూమికి పైపొర లాటరైటు అను ఎర్రని రాయి. తేనెపట్టువలె రంధ్రములు గలది. దానిక్రింద గట్టి నల్లరాయి. వాననీరు ఎర్రరాతిగుండ దిగి, నల్లరాతిని చొరలేక, రెంటి నడుమ నిలుచును. జల్లెడక్రింద పళ్లెరము పెట్టినట్లని తలచుడు. బీదరులోని నరసింహ ఝరణి గుహలో నీటిలో నడచి స్వామిని దర్శించిన సోదరీమణులకు రాతినుండి యూరు ఆ నీరు తెలియును. కారేజు త్రవ్వినవారు ఆ నీరు నిలుచు చోటునకు సొరంగమును తొలిచి, స్వల్పమైన వాలు నిచ్చిరి. నీరు తనంతట తానే పల్లమునకు నడచును. ఎద్దులు వలదు, మోటారు వలదు. బావుల మూలమున త్రవ్విన మన్ను పైకి వచ్చెను; లోపలికి గాలియు వెలుతురును పోయెను; పైవారికి నీరు చేదుకొన వీలయ్యెను.

ఇది పారసీక దేశపు విద్య. అచ్చట దీనిని ఖనాతు అందురు. ఇరానులోని ఖనాతులను యునెస్కోవారు 2016లో ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చిరి. బహమనీల కొలువులో పారసీకులు అనేకు లుండిరి.

ఇంత పని చేసిన కాలువను కాలక్రమమున జనులు మరచిరి. బావులలో మన్ను పడెను, చెత్త పడెను. 2010 తరువాతి దశాబ్దమున కేరళమునుండి వచ్చిన భూగోళ శాస్త్రాధ్యాపకుడు వి. గోవిందన్‌కుట్టిగారు దీని మార్గమును పరిశోధించి పటములు వ్రాసిరి. పిమ్మట పూడిక తీసిరి. నీరు మరల కనబడెను.

ఒక బావి యొద్ద మా యత్తగారు చాలసేపు మాటాడక నిలిచిరి. కారణము మాకు తెలియును. మా పెరటిలో వారు కాపురమునకు వచ్చిననాటి బావి యొకటి కలదు. ఏటేట వేసవిలో దాని పూడిక తీయించెడివారు. నాలుగేండ్ల క్రిందట బోరు వేయించి, ఇక దీనితో పనిలేదని మేము దానిలో ఇటుక ముక్కలును చెత్తయు పోయించి, పైన బండ పరపించితిమి. వారు వలదనిరి, మేము వినలేదు. సప్తసంతానములలో తటాక మొకటి యని పుస్తకములలో చదువుకొన్నవారము మేము. చదువని వారు వారు. పోయిన వేసవిలో బోరు ఎండినది. ట్యాంకరు నీరు కొనితిమి. అప్పుడును వారు మమ్ము ఒక్క మాట యనలేదు.

కారేజు భూమి యిచ్చినంతయే తీసికొనును. వానలు తక్కువయైన ఏడు దాని ధారయు సన్నగిల్లును. జనులు చూచి పొదుపు చేసికొందురు. బోరునకు ఆ యెరుక లేదు. మీట నొక్కినంతకాలము తోడును; ఒకనాడు వట్టి గాలి వచ్చును. మరియు కారేజులో నొకని బావిని పూడ్చిన క్రిందివారి కెల్ల నీరు తగ్గును. మన బోరులును, బావులును ఆ నేలక్రింది నీటినే పంచుకొనుచున్నవి గదా! సొరంగము కానరాకున్నంత మాత్రమున పొత్తు లేదనరాదు.

ఇంటికి వచ్చిన మరునాడే బండ తీయించితిమి. చెత్త యెత్తుటకు ఆరు దినములు పట్టెను. అడుగున తడి తగిలినది గాని నీరింకను ఊరలేదు. ఇంటికప్పుమీది వాననీరు ఇసుక తొట్టిలో వడిసి బావిలోనికి దిగునట్లు గొట్టము పెట్టించితిమి. వానకాలము రావలసియున్నది. మా యత్తగారు ప్రొద్దుట లేవగానే ఒకసారి పెరటిలోనికి పోయి బావిలోనికి తొంగిచూచి వచ్చుచున్నారు. మీ పెరటిలోను మూసిన బావి యున్నచో, బండపై కుండీలు పేర్చుటకు ముందొకసారి యోచింపుడు.