ఎనిమిది మందితో తళ్లికోట యుద్ధం: ఇంట్లో ఆడుకునే పద్ధతి ఇదీ

చదరంగం ఇద్దరి ఆట. సెలవులకి ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు చేరితే ఇద్దరు ఆడతారు, మిగతావాళ్లు ఫోన్లు పట్టుకుంటారు. అందరికీ సరిపోయే ఆట ఇంకోటుంది. చిన్న సైనికుల బొమ్మలు పేర్చి, దూరాలు కొలిచి, పాచికలు వేసి చరిత్రలోని యుద్ధాన్ని మళ్లీ నడిపించడం. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ అధికారుల శిక్షణ కోసం ఇలాంటి ఆటకు నియమాలు రాశాడు. 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' పుస్తకంతో దాన్ని ఇళ్లలోకి తెచ్చాడు.

చిక్కేంటంటే, ఈ ఆటల నియమాలు ఎక్కువగా ఇద్దరి కోసం రాసినవే. ఎనిమిది మంది కూర్చుంటే "మామూ, నా వంతు ఎప్పుడు?" అన్న మాటే వినిపిస్తుంది. అందుకే నియమాలు మార్చుకోవాలి. మనకు దగ్గరి ఉదాహరణ తీసుకుందాం: 1565 జనవరి 23న కృష్ణకు దక్షిణాన జరిగిన తళ్లికోట యుద్ధం. దీన్నే రాక్షసి-తంగడి యుద్ధం అని కూడా అంటారు.

ఎవరు ఎవరు?

ఒకవైపు నలుగురు: అహ్మద్‌నగర్ హుస్సేన్ నిజాం షా, బీజాపూర్ అలీ ఆదిల్ షా, గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా, బీదర్ అలీ బరీద్ షా. ఇంకోవైపు విజయనగరం అళియ రామరాయలు, ఆయన తమ్ముళ్లు తిరుమల, వేంకటాద్రి. మొత్తం ఏడుగురు. ఎనిమిదో మనిషి అంపైర్. ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరు ఆ పని చూసుకుంటే మంచిది.

మార్చుకోవాల్సిన నియమాలు

సైన్యం: బొమ్మలు లేకపోతే క్యారమ్ కాయిన్లు, సీసా మూతలు చాలు. ఒక్కో కాయిన్ వెయ్యిమంది అనుకోండి. ఒక్కొక్కరికి ఆరు నుంచి పది కాయిన్లు మించొద్దు. ఎక్కువైతే ఆట సాయంత్రానికి తెమలదు.

మైదానం: నేల మీద జంపఖానా పరవండి. వెడల్పు నాలుగడుగులు దాటితే మధ్యకి చెయ్యి అందదు. పొడవు ఎంతైనా పరవాలేదు. ఒకరి జానతో కొలిచి పుల్ల విరవండి, అందరికీ అదే కొలత. కాల్బలం ఒక పుల్ల, గుర్రాలు రెండు పుల్లల దూరం నడుస్తాయి.

వంతు: ఒకరి తర్వాత ఒకరు కాదు, అందరూ ఒకేసారి కదపాలి. మూడు నిమిషాలు టైం పెట్టండి. కదపనివాళ్ల సైన్యం అక్కడే నిలబడుతుంది.

మాటలు: పక్కనున్న మిత్రుడితో గుసగుసలు కుదరవు. చీటీ రాసి అంపైర్‌కి ఇవ్వాలి. అది తర్వాతి వంతులోనే చేరుతుంది. మైళ్ల పొడవున్న యుద్ధంలో కబురు గుర్రం మీద పోయేది కదా!

ఫిరంగులు: ఫరిష్తా రాసినదాన్ని బట్టి, నిజాం షా ఫిరంగులను రూమీ ఖాన్ విలుకాళ్ల వెనక దాచాడు. శత్రువు దగ్గరికొచ్చాక రాగి నాణేల సంచులు కూరి పేల్చాడు. కాబట్టి ఫిరంగి ఎక్కడుందో అంపైర్‌కే తెలియాలి, ఒక పుల్ల దూరంలోకి వచ్చాకే పేలాలి.

రామరాయలు: యుద్ధంలో ఆయన పట్టుబడి, తల పోగొట్టుకున్నాడు. అది చూసి సైన్యం చెదిరింది. ఆ కాయిన్ పడిపోతే తమ్ముళ్లిద్దరూ ప్రతి వంతూ పాచిక వేయాలి. 3 లోపు పడితే ఒక వంతు వెనక్కి తగ్గాలి.

అసలు కిటుకు: వేర్వేరు లక్ష్యాలు

అందరికీ "గెలవాలి" అని ఒకే లక్ష్యం ఇస్తే ఆట చప్పబడిపోతుంది, చరిత్ర కూడా తప్పుతుంది. ఈ యుద్ధాన్ని రెండు మతాల పోరుగా చెప్పడం మనం తరచూ వింటుంటాం. కానీ మనుషుల్ని చూడండి. ఇబ్రహీం కుతుబ్ షా రాజు కాకముందు సుమారు ఏడేళ్లు విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. తెలుగు కవులను ఆదరించి 'మల్కిభరాముడు' అనిపించుకున్నాడు. 1558లో అలీ ఆదిల్ షా రామరాయలతో చేతులు కలిపి అహ్మద్‌నగర్ మీదికే వెళ్లాడు. తర్వాత అదే నిజాం షా కూతురు చాంద్ బీబీని పెళ్లాడి, షోలాపూర్ కోటను కట్నంగా పొందాడు. విజయనగర సైన్యంలో ముస్లిం సేనానులు ఉండేవాళ్లు, సుల్తానుల కొలువుల్లో హిందువులూ ఉండేవాళ్లు.

అందుకే ప్రతి ఆటగాడికీ రహస్య చీటీ ఇవ్వండి. నిజాం షాకి రామరాయలను పట్టుకుంటే పాయింట్లు. ఆదిల్ షాకి రాయచూరు, ముద్గల్ వైపు దారి దక్కితే పాయింట్లు. కుతుబ్ షాకి గెలుపుతో పాటు తన కాయిన్లు మిగిలితే పాయింట్లు. చిన్న రాజ్యమైన బీదర్‌కి నిలబడితే చాలు. అప్పుడు మిత్రులు కూడా ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు. నిజంగానూ అంతే, గెలిచాక ఆ కూటమి ఎన్నాళ్లో నిలవలేదు.

ఆట అయ్యాక చీటీలన్నీ విప్పి అందరి ముందూ చదివించండి. "నువ్వు నాకు సాయం ఎందుకు రాలేదు?" అని పిల్లలు కచ్చితంగా గొడవపడతారు. ఆపొద్దు. ఎవరికి ఏం కావాలో, ఎవరు ఎందుకు ఆగారో వాళ్లనే చెప్పనివ్వండి. రేపు ఎవరైనా ఈ యుద్ధం గురించి ఒక్క ముక్కలో తేల్చేస్తే, "ఇబ్రహీం కుతుబ్ షా సంగతేంటి మరి?" అని అడగడం వాళ్లకు వస్తుంది.