ఓడ ఎన్ని గంటలు ఆగింది? లెక్క తెలిస్తే కొలువు!

ప్రపంచ బ్యాంకు, ఎస్ అండ్ పీ గ్లోబల్ సంస్థ కలిసి 2023 సంవత్సరానికి ఇచ్చిన కంటెయినర్ పోర్టుల పనితీరు సూచీలో విశాఖపట్నం 19వ స్థానంలో నిలిచింది. అంతకుముందు ఏడాది స్థానం 115. యూరప్‌లోనే పెద్దదైన రోటర్‌డ్యామ్ కూడా ఆ జాబితాలో మన విశాఖ కంటే కిందే ఉంది. మరి మన పోర్టు అంత పెద్దదా? కాదు. ఆ సూచీ కొలిచేది సైజును కాదు, సమయాన్ని. ఓడ పోర్టు పరిధిలోకి వచ్చినప్పటి నుంచి బెర్త్ వదిలి వెళ్లేవరకు ఎన్ని గంటలు పట్టింది? ప్రధానంగా ఇదే చూస్తారు.

ఈ గంటల లెక్క చూసేవాళ్లు పోర్టులకు, షిప్పింగ్ కంపెనీలకు కావాలి. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఆ లెక్కేంటో ఒకసారి చూద్దాం.

ఒక చిన్న లెక్క

ఉదయం 6 గంటలకు ఓడ వచ్చిందనుకోండి. బెర్త్ ఖాళీ లేదు. మధ్యాహ్నం 12కి దొరికింది. పైలట్, తాళ్లు, కాగితాలు అయ్యేసరికి 2 అయ్యింది. దించి, ఎక్కించాల్సిన కంటెయినర్లు 600. రెండు క్రేన్లు, ఒక్కోటి గంటకు 25 చొప్పున పనిచేస్తే 12 గంటలు పడుతుంది. అంటే రాత్రి 2. ఓడ కదిలేసరికి తెల్లవారుజామున 4. మొత్తం 22 గంటలు. దీన్నే టర్న్‌అరౌండ్ టైమ్ అంటారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ సమయాన్ని తగ్గించాలంటే ఏం చేస్తారు? చాలామంది చెప్పే జవాబు 'క్రేన్ల వేగం పెంచాలి' అని. సరే, గంటకు 30కి పెంచారు. పని 10 గంటల్లో అయిపోతుంది. మిగిలేది 2 గంటలే! అదే బెర్త్ కోసం ఆగిన 6 గంటలు లేకుండా చేస్తే? మూడింతలు లాభం. ఆలస్యం ఎక్కడ జరుగుతోందో పట్టుకోవడమే ఈ ఉద్యోగంలో సగం పని.

ఈ మాటలు గుర్తుంచుకోండి

ప్రీ బెర్తింగ్ డిటెన్షన్: బెర్త్ దొరికేదాకా ఓడ ఎదురుచూసిన సమయం.

బెర్త్ ఆక్యుపెన్సీ: బెర్త్ ఎంత శాతం సమయం నిండి ఉందో చెబుతుంది. 95 శాతం ఉంటే గొప్ప అనుకోవద్దు. బయట ఓడలు క్యూ కట్టాయని దానర్థం కావచ్చు.

బెర్త్ డే అవుట్‌పుట్: బెర్త్‌లో ఉన్న ఒక్కో రోజుకు ఓడ నుంచి ఎన్ని టన్నులు దిగాయి, ఎన్ని ఎక్కాయి అన్నది. బొగ్గు, ఇనుప ఖనిజం లాంటి సరకుకు ఇది ముఖ్యం.

డ్వెల్ టైమ్: కంటెయినర్ యార్డులో పడి ఉన్న సమయం. విశాఖ నుంచి వెళ్లే ఫ్రోజెన్ రొయ్యల కంటెయినర్‌కు యార్డులోనూ కరెంటు కావాలి. ఆలస్యమైతే ఆ భారం ఎగుమతిదారు మీద, చివరికి చెరువు రైతు మీద పడుతుంది.

ఎవరికి అవకాశం?

బీకాం, బీబీఏ వాళ్లు షిప్పింగ్ ఏజెన్సీల్లో, కస్టమ్స్ బ్రోకర్ల దగ్గర డాక్యుమెంటేషన్‌తో మొదలుపెట్టవచ్చు. బీటెక్, బీఎస్సీ స్టాటిస్టిక్స్ వాళ్లు బెర్త్, యార్డ్ ప్లానింగ్ వైపు చూడొచ్చు. ఆపరేషన్స్ రీసెర్చ్‌లో చదివిన క్యూయింగ్ థియరీ ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ తప్పనిసరిగా నేర్చుకోండి. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీలో పోర్ట్ అండ్ షిప్పింగ్ మేనేజ్‌మెంట్ ఎంబీఏ ఉంది. ఈ వర్సిటీకి విశాఖలోనూ క్యాంపస్ ఉంది. ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో ఉందో నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఒక్క మాట. పోర్టు 24 గంటలూ నడుస్తుంది. ఆపరేషన్స్‌లో చేరితే నైట్ షిఫ్టులు తప్పవు. దానికి సిద్ధపడే రండి.

రెజ్యూమెలో ఏం రాయాలి?

కేంద్ర నౌకాయాన శాఖ 'బేసిక్ పోర్ట్ స్టాటిస్టిక్స్ ఆఫ్ ఇండియా' పేరుతో గణాంకాలు ప్రచురిస్తుంది. అందులోంచి రెండు పోర్టులు తీసుకుని, ఐదేళ్ల టర్న్‌అరౌండ్ టైమ్ పోల్చి, తేడాకు కారణాలు వెతికి రెండు పేజీలు రాయండి. 'లాజిస్టిక్స్ అంటే ఆసక్తి' అని రాయడం కన్నా ఆ రెండు పేజీలే మీ గురించి ఎక్కువ చెబుతాయి.