కాన్సరు: పట్టణములు, పల్లెలు

"పల్లెలలో కాన్సరు లేదు, అది పట్నవాసపు జబ్బు" అను మాట మనదేశమున తరచుగా వినవచ్చును. స్వచ్ఛమైన గాలి, కష్టించి పనిచేయు శరీరము, ఇంటి తిండి గలవారిదరికి ఈ వ్యాధి రాదని అనేకుల నమ్మకము. లెక్కలు చూచినచో ఆ నమ్మకము కొంతవరకు నిజమే యనిపించును. కాని కోల్‌కతా నగరమునందలి కాన్సరు ఆసుపత్రుల వరండాలలో వేచియున్నవారి ఊళ్ల పేర్లడిగినచో వేరొక సంగతి తెలియవచ్చును. నదియా, ముర్షిదాబాదు, మాల్దా, ఇరువది నాల్గు పరగణాలు మొదలైన జిల్లాల పల్లెలనుండి శియాల్దా, హౌరా స్టేషనులలో రైలు దిగి వచ్చినవారు అచ్చట అనేకులు కనబడుదురు.

ఈ నగరమునకు కాన్సరు చికిత్సలో చిరకాలపు చరిత్ర కలదు. 1950 జనవరి 2వ తేదీన చిత్తరంజన్ కాన్సరు ఆసుపత్రిని ఇచ్చట ప్రారంభించినవారు శ్రీమతి ఐరీన్ జోలియో క్యూరీ. రేడియమును కనుగొనిన మేరీ క్యూరీకి ఆమె కుమార్తె. స్వయముగా నోబెల్ బహుమానము నందిన శాస్త్రజ్ఞురాలు. ఆ ఆసుపత్రి 1987లో పరిశోధన కేంద్రముతో కలసి చిత్తరంజన్ జాతీయ కాన్సరు సంస్థగా రూపొందినది. 2022లో న్యూ టౌనునందు దాని రెండవ ప్రాంగణము ప్రారంభమైనది.

పల్లెలలో ఈ వ్యాధి నిజముగా తక్కువయైనచో పల్లెలవారు ఇంతమంది ఈ ఆసుపత్రులకు రానేల? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్న, మొదట లెక్క యెట్లు కట్టుదురో తెలిసికొనవలెను.

లెక్క కట్టు విధానము

ఒక ప్రాంతమున ఒక సంవత్సరకాలములో లక్షమంది జనులకు క్రొత్తగా ఎందరికి కాన్సరు వచ్చినదో ఆ సంఖ్యను ఆ ప్రాంతపు కాన్సరు రేటు అందురు. దీనిని కనుగొనుటకు ఆసుపత్రులు, పరీక్షాలయములు, మరణ నమోదు కార్యాలయములనుండి వివరములు సేకరించు సంస్థలు కలవు. వీనిని కాన్సరు రిజిస్ట్రీలందురు. భారత వైద్య పరిశోధన మండలి వారి జాతీయ కార్యక్రమము క్రింద 1982 మొదలుకొని బొంబాయి, బెంగుళూరు, మద్రాసు నగరములలో ఈ పని క్రమముగా సాగినది. కోల్‌కతాలో 1990 దశకపు చివరి సంవత్సరములలో ఇట్టి నమోదు ఆరంభమైనది.

ఇందు ముఖ్యమైన నియమ మొకటి గమనింపదగియున్నది. రోగి యెచ్చట చికిత్స పొందెనో ఆ ఊరి లెక్కలో గాక, యెచ్చట స్థిరముగా నివసించుచున్నాడో ఆ ఊరి లెక్కలోనే ఆతనిని చేర్చవలెను. కనీస మొక సంవత్సరము నగరమున నివసించినవారే నగరవాసులుగా పరిగణింపబడుదురు. కావున ముర్షిదాబాదు పల్లెనుండి వచ్చి కోల్‌కతాలో శస్త్రచికిత్స పొందిన రైతు కోల్‌కతా రేటులో చేరడు. ఆతని పల్లెలో రిజిస్ట్రీ లేనిచో ఆతడు ఏ ప్రాంతపు రేటులోను చేరడు.

రెండవ సంగతి వయస్సు. కాన్సరు ప్రధానముగా నడివయస్సు దాటిన పిదప వచ్చు వ్యాధి. వృద్ధులు అధికముగా నున్న ఊరిలో రోగులు అధికముగా నుందురు. పిల్లలు అధికముగా నున్న ఊరిలో తక్కువగా నుందురు. అంతమాత్రమున మొదటి ఊరి గాలి నీరు చెడ్డవని చెప్పరాదు. అందుచేత అన్ని ప్రాంతములవారి వయస్సులు ఒకే విధముగా నున్నట్లు సవరించి, అటుపిమ్మట రేట్లను పోల్చుదురు. ఈ సవరణ లేక పట్టణమును పల్లెతో పోల్చుట తగదు.

అంకెలు చెప్పునది

ఈ సవరణ చేసిన పిదపను పట్టణములకు, పల్లెలకు భేదము మిగిలియే యున్నది. 2020లో ప్రకటింపబడిన జాతీయ నివేదిక ననుసరించి, హైదరాబాదు జిల్లాలో లక్షమంది స్త్రీలకు కాన్సరు రేటు 136.0. అధికభాగము పల్లెలే గల మహారాష్ట్రములోని ఉస్మానాబాదు (నేటి ధారాశివ్), బీడ్ జిల్లాలలో స్త్రీల రేటు 49.4 మాత్రమే. పురుషులలో హైదరాబాదు రేటు 101.6, ఆ రెండు జిల్లాల రేటు 39.5.

పట్టణమున ఇట్లు అధికమగుటకు తెలిసిన కారణములు కొన్ని కలవు. కోల్‌కతా స్త్రీలలో రొమ్ము కాన్సరు మొదటి స్థానమున నున్నది. పురుషులలో ఊపిరితిత్తుల కాన్సరు ముందున్నది. మొదటి కాన్పు ఆలస్యమగుట, కాన్పులు తక్కువగుట, బిడ్డకు చనుబాలిచ్చు కాలము తగ్గుట, శ్రమ తగ్గి శరీరపు బరువు పెరుగుట అనునవి రొమ్ము కాన్సరు అవకాశమును హెచ్చించును. ఈ మార్పులు పల్లెలకన్న ముందుగా పట్టణములకు వచ్చినవి. ఊపిరితిత్తుల కాన్సరునకు సిగరెట్టు, బీడీ ప్రధాన కారణములు. వాహనముల పొగ, బొగ్గు పొగ దానికి తోడగును.

అంకెలు చెప్పనిది

అయినను పల్లె రేటు తక్కువగుటకు ఆరోగ్య మొక్కటే కారణము కాదు. రోగి వైద్యునికడకు పోనిచో, పోయినను ముక్క తీసి పరీక్షింపనిచో, ఆ రోగము లెక్కకు రాదు. మనదేశమున నమోదగు మరణములలో వైద్యుడు కారణము ధ్రువపరచినవి ఇటీవలి సంవత్సరములలోను నూటికి 25కు లోపుగనే యున్నవి. పల్లెలో ఇంటియొద్ద మరణించిన ముదుసలిని గూర్చి "వయస్సు మీరినది, చిక్కి పోయెను" అని చెప్పుకొందురు; ఆ చిక్కిపోవుటకు కడుపులోని కాన్సరే కారణమై యుండవచ్చును.

ఈ లోపమును సరిదిద్దుటకు మహారాష్ట్రములోని బార్శీ పట్టణము కేంద్రముగా 1987లో దేశమున మొట్టమొదటి గ్రామీణ కాన్సరు రిజిస్ట్రీ నెలకొల్పబడినది. పల్లెలలో రోగులు తమంతట వత్తురని వేచియుండక, ఈ సంస్థవారు ఊరూరు తిరిగి, వ్యాధి లక్షణములను ప్రజలకు తెలిపి, అనుమానము గలవారిని ఆసుపత్రికి చేర్చిరి. ఇంత శ్రద్ధగా వెదకినను అచ్చటి మొత్తపు రేటు బొంబాయి రేటులో దాదాపు సగము మాత్రమే యుండెను. కావున పల్లెలో కాన్సరు తక్కువ యనుమాట పూర్తిగా అసత్యము కాదు. కాని పల్లె స్త్రీలలో గర్భాశయ ముఖద్వారపు కాన్సరు ముందు వరుసలో నుండెను. తొలిదశలో కనుగొని నివారించుటకు మిక్కిలి వీలైన కాన్సరులలో అదియొకటి.

పల్లెకు ప్రత్యేకమైన కారణములు

వంగదేశపు పల్లెలకు ప్రత్యేకమైన ప్రమాద మొకటి నీటిలో నున్నది. చెరువుల నీటివలన కలరా, విరేచనములు వ్యాపించుచుండగా, ఆ బాధ తొలగుటకై గంగా మైదానమునందు వేలకొలది గొట్టపుబావులు త్రవ్వబడినవి. సూక్ష్మజీవుల బాధ తగ్గినది. కాని తక్కువలోతు పొరలలోని ఒండ్రుమట్టినుండి ఆర్సెనిక్ అను పాషాణము ఆ నీటిలో కరగి యుండుట పిదప తెలియవచ్చినది. 1983లో కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయపు చర్మవైద్యుడు డాక్టరు కె. సి. సాహా ఇట్టి రోగులను మొదట గుర్తించెను. ఆ తరువాత జాదవ్‌పూరు విశ్వవిద్యాలయమున డాక్టరు దీపంకర్ చక్రవర్తి ఆధ్వర్యమున అనేక గ్రామముల నీరు పరీక్షింపబడినది. మాల్దా, ముర్షిదాబాదు, నదియా, ఉత్తర దక్షిణ ఇరువది నాల్గు పరగణాలు ఈ పీడకు లోనైన జిల్లాలలో ముఖ్యములు.

ఈ పాషాణమునకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. కొన్ని సంవత్సరములు ఆ నీరు త్రాగిన పిదప రొమ్ముపై, వీపుపై వానచినుకులవంటి మచ్చలు పుట్టును. అరచేతులు, అరికాళ్లు గరుకుబారి గట్టిపడును. దశాబ్దములు గడచిన పిదప చర్మము, మూత్రాశయము, ఊపిరితిత్తులలో కాన్సరు కలుగవచ్చును. కోల్‌కతా నగరములో అధికభాగమునకు పల్తా వంటి చోట్ల శుద్ధిచేసిన హుగ్లీ నదీజలము గొట్టములద్వారా అందుచున్నది. కొలది మైళ్ల దూరమున నున్న పల్లెవాడు తన పెరటి బావి నీరు త్రాగుచున్నాడు. ఇరువురి నడుమ భేదము ఆచారమునందు లేదు, కుళాయియందున్నది.

రెండవ కారణము పొగాకు. ఇది పట్టణమున, పల్లెలో కూడ కలదు. కాని దాని రూపములు వేరు. బీడీ, ఖైనీ, జర్దా కలిపిన తాంబూలము పల్లెలలో విరివిగా వాడబడుచున్నవి. తెలుగు ప్రజలకు తెలిసిన యుదాహరణ మొకటి కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరప్రాంతములలో స్త్రీలు చుట్ట కాలుచున్న కొనను నోటిలో నుంచుకొని పీల్చు అలవాటును "అడ్డపొగ" యందురు. ఈ అలవాటువలన అంగిలికి కాన్సరు వచ్చుచున్నదని 1957లోనే వైద్యపత్రికలలో ప్రకటింపబడినది. ఆ ప్రాంతములనుండి హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు కూలికై వలసపోయిన తెలుగు కుటుంబము లనేకములు. మనిషి ఊరు మారినంతమాత్రమున అలవాటు మారదు. పల్లెలో అంటిన ప్రమాదము పట్టణమునకు వెంట వచ్చును.

ఆలస్యమే పెద్ద భేదము

రోగము వచ్చుట యొకటి. రోగమువలన మరణించుట వేరొకటి. పట్టణమునకు, పల్లెకు అసలైన దూరము ఈ రెండవ విషయమునందు కనబడును. ధనవంతమైన అమెరికా దేశమునను ఇది సత్యమే. ఆ దేశపు గ్రామీణ కౌంటీలలో 2009 నుండి 2013 వరకు కాన్సరు రేటు లక్షకు 442. మహానగర ప్రాంతములలో 457. అనగా పల్లెలలోనే తక్కువ. కాని 2011 నుండి 2015 వరకు కాన్సరు మరణముల రేటు పల్లెలలో 180; మహానగర ప్రాంతములలో 158. రోగము తక్కువయైనచోటనే మరణము హెచ్చుగా నున్నది.

నదియా జిల్లాలోని యొక పల్లె యిల్లాలి నుదాహరణముగా ఊహింపవచ్చును. ముట్లుడిగిన పిదప ఆమెకు మరల రక్తము కనబడినది. సిగ్గుచేత కొన్నాళ్లు ఎవరికిని చెప్పలేదు. చెప్పిన పిదప ఊరి నాటువైద్యుడు బలమునకు మందిచ్చెను. వరికోతలు ముగిసినంతవరకు ప్రయాణము వాయిదా పడెను. కృష్ణనగరమునకు పోయి, అచ్చటనుండి కోల్‌కతాకు పోవలెనని తెలిసినప్పుడు కూలి పోవుట, రైలు ఖర్చు, నగరమున బస అను చింతలు ఎదురైనవి. ఆసుపత్రి చేరునప్పటికి నెలలు గడచినవి. రోగము చుట్టుప్రక్కల అవయవములకు పాకినది. అదే వ్యాధి, అదే వయస్సు గల నగరవాసిని పది దినములలో పరీక్ష పొందియుండెడిది. ఇద్దరికిని భేదము కలిగించినది వ్యాధి కాదు, పోయిన కాలము.

ఈ కాలమును తిరిగి సంపాదించుట సాధ్యమని నిరూపింపబడినది. ఉస్మానాబాదు జిల్లా పల్లెలలో 30 నుండి 59 సంవత్సరముల వయస్సుగల 1,31,746 మంది స్త్రీలతో నొక గొప్ప పరిశోధన జరిగినది. గర్భాశయ ముఖద్వారపు కాన్సరునకు మూలమైన హెచ్.పి.వి. అను వైరసునకు ఒక్కమారు పరీక్ష జరిపిన గ్రామములలో, అట్టి పరీక్షలు లేని గ్రామములకన్న ఈ కాన్సరు మరణములు దాదాపు సగమునకు తగ్గినవి. ఈ ఫలితములు 2009లో ప్రకటింపబడినవి. పల్లె స్త్రీలు పరీక్షకు రారను వాదమునకు ఇదియే సమాధానము. పరీక్ష వారి ఊరికి వచ్చినప్పుడు వారును పరీక్షకు వచ్చిరి.

ప్రజలు చేయవలసినది

పొగాకును ఏ రూపమునను వాడరాదు. 30 సంవత్సరములు దాటిన స్త్రీలు రొమ్ము, గర్భాశయ ముఖద్వారము, నోటి పరీక్షలను, పురుషులు నోటి పరీక్షను సమీప ఆరోగ్య కేంద్రమున చేయించుకొనవలెను. 9 నుండి 14 సంవత్సరముల బాలికలకు హెచ్.పి.వి. టీకా వేయించుట మేలు. ఆర్సెనిక్ గల జిల్లాలవారు తమ గొట్టపుబావి నీటిని పరీక్ష చేయింపవలెను. లీటరు నీటిలో 0.01 మిల్లీగ్రాముకన్న ఆర్సెనిక్ అధికముగా నున్నచో ఆ నీరు త్రాగుటకు, వంటకు పనికిరాదు. కాచినందువలన ఈ పాషాణము పోదు. నీరు ఇగిరి మఱింత చిక్కనగును. అట్టిచోట్ల శుద్ధిచేసిన నదీజలము గాని, పరీక్షింపబడిన లోతుబావి నీరు గాని వాడవలెను.

ఈ క్రింది లక్షణములలో ఏదియైనను మూడు వారములకు మించి యున్నచో వైద్యునికి చూపవలెను: నోటిలో మానని పుండు లేక తెల్లని మచ్చ, రొమ్ములో గడ్డ, తగ్గని దగ్గు, బొంగురుపోయిన గొంతు, మ్రింగుటకు కష్టము, కారణము లేక బరువు తగ్గుట, అరచేతుల గట్టిదనముతో కూడిన మచ్చలు. దగ్గులో రక్తము పడినను, ముట్లుడిగిన పిదప గాని, రెండు ముట్ల నడుమ గాని రక్తస్రావము కనబడినను వారములు లెక్కింపక వెంటనే పోవలెను. ఇవి కాన్సరేయని భయపడనక్కరలేదు; పలుమారు వేరు కారణముండును. కాని కారణము తెలిసికొనక ఊరకుండుట తగదు.

పల్లె రేటు తక్కువ యనుమాట పల్లెవారికి ఊరట కలిగించినచో మంచిదే. అశ్రద్ధ కలిగించినచో హాని. లక్షకు ఇందరు అను లెక్క ప్రభుత్వమునకు, వైద్యులకు అవసరము. ఒక యింటికి మాత్రము ఆ యింటి తల్లియే లెక్క. కోల్‌కతా ఆసుపత్రి మెట్లెక్కు పల్లెవారు ఒక నెల ముందుగా వచ్చినచో ఎన్నో ఇండ్లు నిలుచును.